ఒపేరా పాటకు జాజ్ ఆర్కెస్ట్రా: అపోహలు - వాస్తవాలు

ఆర్కెస్ట్రాకు స్కోరు, అంటే ఏ వాద్యం ఎప్పుడు ఏం వాయించాలో చూపే స్వరలిపి, రాయడం నా వృత్తి. ఒపేరా (సంభాషణలతో సహా పాడుతూ నడిపే నాటకం) సంగీతాన్ని జాజ్ బృందానికి తిరగరాయడం గురించి మాట వచ్చిందంటే చాలు, వినేవాళ్లే కాదు, వాయించేవాళ్లు కూడా ముందే స్థిరపడిన అభిప్రాయాలతో కూర్చుంటారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఒకే రికార్డులోవి. జార్జ్ గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’ను గిల్ ఎవన్స్ తిరగరాయగా, 1958లో మైల్స్ డేవిస్ ట్రంపెట్ వాయించిన రికార్డు అది.

అపోహ: ఒపేరా పెద్దింటి కళ, జాజ్ వీధి సంగీతం. రెండింటినీ ఎవరో బలవంతంగా కలిపారు.

వాస్తవం: జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రెంచ్ ఒపేరా హౌస్ 1859 నుంచి, 1919లో కాలిపోయేదాకా ఉండేది. ఆ ఊరి వాద్యకారులకు ఒపేరా బాణీలు కొత్త కాదు. 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం జానపద సంగీత సేకర్త ఆలన్ లోమాక్స్ రికార్డు చేస్తుండగా, ఆ ఊరి జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ వెర్డీ ఒపేరా ‘ఇల్ ట్రొవటోరె’లోని ‘మిసెరేరె’ను పియానో మీద తన పద్ధతిలో వాయించి చూపించాడు. మొదటి నుంచీ ఇరుగుపొరుగున ఉన్నవాటిని ఎవరో బలవంతంగా కలపడమేమిటి?

అపోహ: స్కోరంతా రాసిపెడితే ఇక అప్పటికప్పుడు కల్పన చేయడానికి చోటెక్కడుంటుంది?

వాస్తవం: నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. నిజానికి మా పనిలో సగం, ఎక్కడ రాయడం ఆపాలో తెలుసుకోవడమే. ‘ఐ లవ్స్ యు, పోర్గీ’ పాటకు ఎవన్స్ తనకు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల కూర్పులు) ఏవీ ఇవ్వలేదని, ఒక స్కేలు (స్వరాల వరుస) మాత్రం రాసిచ్చాడని డేవిస్ అదే ఏడాది ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. కార్డ్స్ వెంటవెంటనే మారుతుంటే సోలో, అంటే ఒంటరిగా కల్పన, వాయించేవాడు ప్రతి మార్పునూ అందుకుంటూ పోవాలి. స్కేలు ఇస్తే ఆ పరుగు ఉండదు. ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో అతని ఇష్టం. కర్ణాటక సంగీతం విన్నవాళ్లకు ఇది వింతగా తోచదు. అలాగని దీన్ని రాగాలాపన అనేయకండి. గమకాలు, సంచారాల నియమాలు ఇక్కడ లేవు, ఉన్నది స్వరాల వరుస ఒక్కటే. మరుసటి ఏడాది వచ్చిన డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు దారి ఇక్కడే పడింది.

‘సమ్మర్‌టైమ్’ చూడండి. ఒపేరాలో అది క్లారా తన బిడ్డకు పాడే జోలపాట. ఎవన్స్ దాని కింద ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పెట్టి, దాన్నే తిప్పి తిప్పి వాయింపజేశాడు. పైన మ్యూట్ (ధ్వనిని అణిచే మూత) బిగించిన ట్రంపెట్ తీరిగ్గా నడుస్తుంటుంది. కింద బాస్, డ్రమ్స్ తప్ప మిగతాదంతా కాగితం మీద ఉన్నదే. బాణీ ఒకసారి చెప్పాక పైన వినిపించేది దాదాపు అంతా కల్పనే. కింద అంత కచ్చితంగా రాసి ఉండబట్టే పైవాడికి ఆ తీరిక దొరికింది.

అపోహ: జాజ్ ఆర్కెస్ట్రా అంటే సాక్సోఫోన్ల వరుస, పియానో.

వాస్తవం: ఈ రికార్డులో సాక్సోఫోన్ ఒక్కటే. పియానో లేదు, వయొలిన్లూ లేవు. ట్రంపెట్లు, ట్రాంబోన్లకు తోడు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, ఒక ట్యూబా (మంద్రంగా పలికే పెద్ద ఇత్తడి వాద్యం), ఫ్లూట్లు, బాస్ క్లారినెట్ ఉన్నాయి. పియానో ఉంటే కార్డ్ ఏమిటో ఖరాఖండిగా తేల్చేస్తుంది. హార్న్‌లు, ఫ్లూట్లు కలిస్తే దాని అంచులు కరిగిపోతాయి. ‘బజర్డ్ సాంగ్’లోనైతే ట్యూబా తాళం వేసే పని మాని బాణీలోకే వచ్చేస్తుంది. ఇలాంటి కూర్పు వాయించడం తేలిక కాదు. నాలుగు రోజుల్లో రికార్డు ముగించారు. జాగ్రత్తగా వింటే అక్కడక్కడ తడబాట్లు దొరుకుతాయి. స్కోరు రాసేవాళ్లు రిహార్సల్ సమయం కోసం ఎందుకు పోట్లాడతారో అక్కడ అర్థమవుతుంది.

అపోహ: మాటలు పోతే ఒపేరా పోయినట్టే.

వాస్తవం: ‘ప్రేయర్’ వినండి. ఒపేరాలో జబ్బుపడిన బెస్ కోసం సెరీనా చేసే ప్రార్థన అది. రికార్డులో ఆమె గొంతు ట్రంపెట్‌కు, చర్చిలో వంత పలికే జనం గొంతు ఇత్తడి వాద్యాలకు వచ్చింది. ఒక్కో పిలుపుకూ జవాబు పెరుగుతూ పెరుగుతూ చివరికి పిలిచేవాడినే ముంచెత్తుతుంది. ఒక్క మాట లేకుండానే ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒపేరా కథ జరిగే చార్ల్స్‌టన్‌లోని నల్లజాతి పేటవాసుల నోట తెల్లజాతి రచయితలు పెట్టిన ఆ యాస చాలామందిని నొప్పించింది. మాటలు తీసేయడం ఈ సంగీతానికి మేలే చేసిందని నా అభిప్రాయం.

అపోహ: కథ వరుస తప్పకూడదు, ఒపేరాలో లేనిది చేర్చకూడదు.

వాస్తవం: ఒపేరా మొదట్లోనే వచ్చే ‘సమ్మర్‌టైమ్’ ఈ రికార్డులో అయిదోది. ‘గాన్’ అనేది అసలు ఒపేరాలోనే లేదు. చనిపోయిన రాబిన్స్ కోసం పాడే శోకగీతం నుంచి ఎవన్స్ కొత్తగా అల్లినది. అందులో డ్రమ్స్ వాయించిన ఫిలీ జో జోన్స్ కోసమైనా దాన్ని ఉంచాల్సిందే.

అపోహ: ‘పోర్గీ’ ఒపేరా కాదు, పాటల నాటకం.

వాస్తవం: 1935లో గెర్ష్విన్ రాసింది ఒపేరానే. 1942 ప్రదర్శనలో పాటల మధ్య పాడే సంభాషణలను తగ్గించి మాటలు పెట్టడంతో ఆ పేరొచ్చింది. 1976లో హ్యూస్టన్ గ్రాండ్ ఒపేరా పూర్తి రూపంలో ప్రదర్శించింది. 1985లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకూ చేరింది.

అపోహ: ఏ ఒపేరానైనా జాజ్ చేసేయవచ్చు.

వాస్తవం: సోలోకు మళ్లీ మళ్లీ మొదటికి వచ్చే ఆవర్తనం కావాలి. ‘సమ్మర్‌టైమ్’ 16 బార్లలో (తాళపు కొలతల్లో) ముగిసి మళ్లీ మొదలవుతుంది. జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్ సంగీతం అలా ముగియదు. ఒక కార్డ్ తేలేలోపే ఇంకోదానిలోకి జారిపోతుంది. దాన్ని ఎక్కడ కత్తిరించి చుట్టు తిప్పుతారు? జాజ్ బృంద నాయకుడు స్టాన్ కెంటన్ 1964లో తన పెద్ద బృందంతో వాగ్నర్‌ను వాయించాడు. నా చెవికి అందులో ఇత్తడి బరువే ఎక్కువ వినిపించింది. 1997లో జాజ్ పియానిస్టు యూరీ కేన్ వాగ్నర్‌ను జాజ్ చేసే జోలికే పోలేదు. వాగ్నర్ కన్నుమూసిన వెనిస్‌లోనే, ఒక కెఫేలో పియానో, అకార్డియన్, వయొలిన్లు, చెల్లో, డబుల్ బాస్‌తో ఆ సంగీతాన్ని కెఫే బృందాల తరహాలో వాయించాడు. జాజ్ వాళ్ల చేతిలో వాగ్నర్ నాకు బాగా నచ్చింది అక్కడే. అందులో కల్పన దాదాపు లేదు, ఆర్కెస్ట్రా అసలే లేదు.