కోడ్ పెట్టె మీద, నమ్మకం మాత్ర మీద: నకిలీ మందులపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం దగ్గరి పరవాడ ఫార్మాసిటీలో మాత్రల నాణ్యత పరీక్షించడం నా పని. గాజువాకలో ఎవరింటికి వెళ్లినా చేతిలో మందుల పెట్టె పెట్టి “ఇది అసలుదేనా?” అంటారు. చూసి చెప్పలేనంటే నమ్మరు.

అపోహ: క్యూఆర్ కోడ్ ఉంటే మందు అసలుదే.

వాస్తవం: 2023 ఆగస్టు 1 నుంచి తయారైన 300 ప్రముఖ బ్రాండ్లకు మన దేశంలో ఈ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపిస్తాయి. మంచిదే. కానీ దాన్ని ఫొటో తీసి అచ్చు వేస్తే ఆ నకలూ అవే వివరాలు చూపుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మన అలవాటులో ఉంది. మాత్రల షీటు మీద చోటు చాలకపోతే కోడ్‌ను బయటి పెట్టె మీద వేయవచ్చు. మనమేమో నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మంటాం. పోయిన నెల మా అత్తగారు తెచ్చిన ముక్క మీద మందు పేరు సగమే ఉంది, తేదీ అసలే లేదు. పెట్టె దుకాణంలోనే ఉండిపోయింది. ఇదే వృత్తిలో ఉండి కూడా నేను నోరు మెదపలేకపోయాను. అసలుదని చెప్పే గుర్తు మాత్రలోనే ఉండాలని నేననేది అందుకే.

అపోహ: మాత్రలో గుర్తంటే చిప్ మింగడమే.

వాస్తవం: ఈ గుర్తుల్లో చిప్పూ లేదు, బ్యాటరీ లేదు. ఒక పద్ధతిలో సూక్ష్మ రంధ్రాలున్న సిలికా రేణువులు వాడతారు. రంధ్రాల అమరికను బట్టి అవి కాంతిని ఒక్కో తీరులో ప్రతిఫలిస్తే, పరికరం ఆ తీరును చదువుతుంది. సిలికా మీ కడుపుకు కొత్త కాదు. పొడి సాఫీగా జారడానికి చాలా మాత్రల్లో కలిపేదే.

రెండో పద్ధతిలో వాడేది పట్టు (సిల్క్). అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన పద్ధతి ఇది. కాంతి పడితే రంగుల్లో వెలిగే పట్టు రేణువులు పలుచని పొరలో ఎలా పడితే అలా చెదిరి ఉంటాయి. ఆ అమరికే తాళంచెవి. చెదిరిపడిన ముగ్గు పిండిని మళ్లీ అచ్చంగా అలాగే చల్లమంటే ఎవరి వల్ల అవుతుంది? చేసినవారి వల్లా కాదు. పట్టు మాంసకృత్తే కనుక అరుగుతుంది. (అవును, పురుగు నుంచి వచ్చిందే, శాకాహారులకు ముందే చెప్పడం మర్యాద.)

అపోహ: గుర్తుంటే నాణ్యత ఉన్నట్టే.

వాస్తవం: ఎవరు చేశారన్నదే గుర్తు చెబుతుంది. అసలు మాత్ర కూడా మన సముద్రపు తేమలో, కిటికీ పక్కన నెలలపాటు పడి ఉంటే పాడవుతుంది.

అపోహ: ఇవన్నీ వచ్చేస్తున్నాయి, ఇక బిల్లెందుకు?

వాస్తవం: వీధి చివరి మందుల దుకాణంలో ఆ గుర్తు చదివే పరికరం ఏది? బ్యాచ్ నంబరున్న బిల్లు అడగండి. మా అత్తగారు ఇప్పుడు దుకాణదారు కత్తెర తీయగానే షీటుకు ఫొటో తీస్తున్నారు. ఆయనకు విసుగే.