‘ఉన్నదున్నట్టు చెప్తే ఎవరు కొంటరు సార్?’: గాంధీ పుస్తకాలు అమ్మే మా ఎంబీఏ పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

ఏటా రెండో సెమిస్టర్ మొదలైన నెలలో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. “సార్, ఎంబీఏ చదవమని పంపిస్తే మా బిడ్డను ప్రకాశం బజార్ల నిలబెట్టి పుస్తకాలు అమ్మిస్తున్నరట?” మొన్న మిర్యాలగూడ వైపు ఊరి నుంచి ఒక తండ్రి చేశారు. గొంతులో వణుకు తెలుస్తోంది. కాలేజీ వాళ్లు పిల్లలతో వ్యాపారం చేయిస్తున్నారని, అమ్మకపోతే ఇంటర్నల్ మార్కులు కట్ చేస్తారని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారట. పెట్టినవాళ్లు ముందు ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. ఆ తండ్రి మీద మాత్రం నాకు కోపం లేదు. రెండెకరాల వరి మీద ఫీజు కడుతున్న మనిషికి టెన్షన్ ఉండదా?

జరిగేది ఇదీ. నల్గొండలో నేను ఎంబీఏ వాళ్లకు సేల్స్ చెబుతాను. ఒక్కొక్కరికి 10 గాంధీ పుస్తకాలు ఇస్తాం. ఆయన ఆత్మకథ సత్యశోధన, హింద్ స్వరాజ్, ఇంకా కొన్ని చిన్నవి. నాలుగు శనివారాలు బజారుకు వెళ్లాలి. అమ్ముడుపోనివి వాపస్ ఇచ్చేయొచ్చు. ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదు. ప్రతి పుస్తకానికీ రసీదు రాయాలి. ఇంటికి వెళ్లాక ఎవరితో ఏం మాట్లాడారో డైరీలో పెట్టాలి.

అపోహ: నిజం చెప్తే సేల్స్‌లో బతకలేం

ప్రతి బ్యాచ్‌లో మొదటి రోజే ఈ మాట వస్తుంది. పిల్లలే కాదు, పదేళ్లు ఫీల్డ్‌లో తిరిగినవాళ్లు కూడా అంటారు. మా రంగంలో మనుషులను ఎక్కువగా ముంచింది ఈ ఒక్క నమ్మకమే. కొందరు దీన్ని నమ్మి, మంచి ఉద్యోగం వచ్చినా సేల్స్ అని వదిలేసుకుంటారు. ఇంకొందరు నమ్మి అందులోకి వెళ్తారు. వాళ్ల వల్ల నష్టం ఎదుటివాడికి. నేను రెండో రకం.

పాఠాలు చెప్పడానికి రాకముందు ఆరేళ్లు ఇన్సూరెన్స్‌లో చేశాను. మార్చి నెల, టార్గెట్ సగం కూడా కాలేదు. మునుగోడు వైపు ఒక బత్తాయి రైతు, తోట అమ్మిన డబ్బులో 50 వేలు ఎక్కడ పెట్టాలని నన్ను అడిగాడు. “ఎఫ్‌డీ లాంటిదే” అన్నాను. నేను చెప్పింది అంతే, మూడు మాటలు కూడా లేవు. అది ఏటేటా కట్టాల్సిన పాలసీ. మరుసటి ఏడు రెండో ప్రీమియం నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక్కసారే కట్టాడు కాబట్టి, అప్పటి రూల్ ప్రకారం సరెండర్ చేసినా, అంటే పాలసీని మధ్యలో వదిలేసుకున్నా, చేతికి ఏమీ రాలేదు. పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే గడువు అప్పట్లో 15 రోజులు, ఇప్పుడు 30 రోజులు. ఆ గడువు ఉందని కూడా నేను ఆయనకు చెప్పలేదు. ఆయన అరవలేదు. నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, “నువ్వు చెప్పినవని పెట్టిన సారు” అన్నాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ అలాగే ఉండిపోయింది. ఆ ఊళ్లో తర్వాత నాకు ఒక్క పాలసీ కూడా రాలేదు. రాకపోవడమే న్యాయం.

గాంధీ పుస్తకమే ఎందుకని అడుగుతారు. సబ్బు అమ్మేవాణ్ని “నువ్వు రుద్దుకున్నవా?” అని ఎవరూ అడగరు. ఈ పుస్తకం పట్టుకుని వెళ్తే మాత్రం పది మందిలో ఒకరైనా తప్పకుండా అడుగుతారు, “నువ్వు చదివినవా?” అని. పాఠమంతా ఆ ప్రశ్న దగ్గరే ఉంది.

పోయినేడు ఒక అమ్మాయి సత్యశోధన పట్టుకుని ఎరువుల దుకాణంలోకి వెళ్లింది. నేను బయట మెట్ల దగ్గర నిలబడ్డాను. సేటు ఉద్దెర ఖాతా రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు, “నువ్వు చదివినవా బిడ్డా?” అమ్మాయి నా వైపు చూసింది. నేను యూరియా బస్తాల వైపు తిరిగాను. కాసేపు ఆగి చెప్పింది: “మొత్తం చదవలే సార్. నాటాల్ దాకా వచ్చిన. తిండి మీద ప్రయోగాలు రాసిన కాడ నాకు విసుగొచ్చింది.” సేటు పెన్ను పక్కన పెట్టాడు. “మరి నాకెందుకు?” “మీకు పనికొచ్చే పేజీ ఒకటుంది సార్” అని తీసి చూపించింది. 1894లో దక్షిణాఫ్రికాలో గాంధీ నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పటి సంగతి అది. చందా ఇచ్చినవాళ్లు రసీదు అడగకపోయినా పట్టుబట్టి ఇచ్చేవాళ్లమని, పైసా పైసాకూ లెక్క ఉండేదని, లెక్కలు సరిగ్గా లేకపోతే సత్యాన్ని కాపాడుకోవడం అసాధ్యమని గాంధీ రాశారు. సేటు కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివాడు. గల్లాలోంచి డబ్బులు తీసి, “రసీదు రాయి మరి” అన్నాడు. తర్వాతి శనివారం ఆయనే పిలిచి, మిగతాది చదివిందో లేదో అడిగి, పక్క బట్టల షాపుకు పంపాడు.

అదే రోజు అదే అమ్మాయి ఒక మొబైల్ షాపులో “పుస్తకం లావుగా ఉంటది, రోజుకు కొంచెం చదవాలె” అని ఉన్న మాట చెప్పింది. ఆయన వద్దన్నాడు. అమ్మకం పోయింది. నిజం చెప్తే ప్రతిసారీ అమ్ముడుపోతుందని నేను ఎవరికీ చెప్పను.

అబద్ధమంటే పుస్తకం గురించి చెప్పేదే కాదు. “ప్లీజ్ అన్నా, మార్కులు పోతాయి, ఒక్కటి కొను” అనేది జాలి మీద అమ్మకం. “గాంధీ పుస్తకం కూడా కొనరా?” అనేది సిగ్గు పెట్టి అమ్మడం. మా దగ్గర రెండూ నిషేధం. ఇంకొకటుంది. నాన్నతో పదీ కొనిపించి, అయిపోయాయి సార్ అని వచ్చి నిలబడతారు. ఇన్సూరెన్స్‌లో కొత్త ఏజెంట్లు చేసేది సరిగ్గా ఇదే. బంధువులు అయిపోగానే ఉద్యోగం కూడా అయిపోతుంది. అలా అమ్మిన పుస్తకాలు వాపస్ తెప్పించి, నాన్న డబ్బు నాన్నకు ఇప్పిస్తాను.

నాకు బాగా నచ్చిన అమ్మకం 1919 ఏప్రిల్‌లో బొంబాయిలో జరిగింది. ప్రభుత్వం నిషేధించిన హింద్ స్వరాజ్, సర్వోదయ పుస్తకాలను గాంధీ, మన హైదరాబాద్ ఆడబిడ్డ సరోజినీ నాయుడు కార్లలో తిరుగుతూ అమ్మారు. ధర నాలుగణాలు. కొనేవాళ్లకు ముందే చెప్పారు, ఇది కొంటే మిమ్మల్ని అరెస్టు చేయొచ్చు, జైల్లో పెట్టొచ్చు అని. అయినా జనం ఐదు, పది రూపాయల నోట్లు ఇచ్చారు. ఒక కాపీకి యాభై రూపాయలు వచ్చిందని గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నారు. సరుకుతో వచ్చే ముప్పును అమ్మేవాడే ముందు చెప్పాడు. నేను ఆ రైతుకు చెప్పనిది అదే.

అపోహ: సిగ్గరులు సేల్స్‌కు పనికిరారు

బొంబాయి స్మాల్ కాజెస్ (చిన్న దావాల) కోర్టులో తన మొదటి కేసులో గాంధీ లేచి నిలబడి, నోరు పెగలక, ఫీజు 30 రూపాయలు వాపస్ ఇచ్చి బయటికి వచ్చేశారు. అదే కేసులో దళారీకి కమిషన్ ఇవ్వమంటే ఇవ్వలేదు కూడా. మా డైరీల్లో మంచివి ఎక్కువగా తక్కువ మాట్లాడే పిల్లలవే. వాళ్లు వింటారు.

అపోహ: నల్గొండ కమ్యూనిస్టుల ఎర్ర జిల్లా, ఇక్కడ గాంధీని ఎవరు కొంటారు?

సాయుధ పోరాటం నడిచిన నేల ఇదే. 1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు 100 ఎకరాలు ఇస్తానన్న, భూదానం మొదలైన పోచంపల్లి కూడా అప్పుడు ఈ జిల్లాలోదే. నకిరేకల్‌లో సంఘంలో పనిచేసిన ఒక పెద్దాయన హింద్ స్వరాజ్ తీసుకుంటూ, “ఈయనతోని నాకు పంచాయితీ ఉంది, చదివే కొట్లాడాలె” అన్నాడు. మాకు అంతకన్నా మంచి కస్టమర్ దొరకలేదు.

అపోహ: “కస్టమర్ మన దగ్గరికొచ్చే అతి ముఖ్యమైన అతిథి” అన్నది గాంధీ

బ్యాంకుల్లో, షాపుల్లో ఆయన బొమ్మతో వేలాడుతుంది. సంపూర్ణ రచనలు 100 సంపుటాలున్నాయి. ఆ మాట ఆయనదనడానికి ఆధారం చూపినవారు లేరు. మా పిల్లలు దాన్ని వాడకూడదు. వాడాలంటే 1925 అక్టోబర్ 22న యంగ్ ఇండియాలో ఆయన అచ్చు వేసిన ఏడు సామాజిక పాపాలున్నాయి. ‘నీతి లేని వాణిజ్యం’ అందులో ఒకటి. ఆ జాబితా ఒక మిత్రుడు పంపాడని గాంధీయే అక్కడ చెప్పారు. అది కూడా కలిపి చెప్పాలి.

అపోహ: ఇవి ఫ్రీగా వస్తాయి, కాలేజీ డబ్బు చేసుకుంటోంది

ఆయన రచనల కాపీరైట్ 2008తో ముగిసింది, నిజమే. అనువాదకుడి హక్కు వేరు. కాగితం, అచ్చు, రవాణా ఎవరో ఒకరు భరించాలి. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి రసీదులో ఆ లైన్ కనబడదు. అందులో దాచింది ఏమీ లేదు. కమిషన్‌గా వచ్చింది పిల్లల బస్ చార్జీలకే పోతుంది. లెక్క పుస్తకం నా టేబుల్ మీదే ఉంటుంది, ఏ తల్లిదండ్రులైనా వచ్చి చూడొచ్చు.

ఆ మిర్యాలగూడ నాన్నకు చెప్పినవే ఇక్కడా చెబుతున్నాను. ఆడపిల్లలను ఒంటరిగా పంపం, ఇద్దరిద్దరుగా వెళ్తారు, సాయంత్రం 5 గంటలకల్లా గడియారం సెంటర్ దగ్గర హాజరు తీసుకుని బస్సు ఎక్కిస్తాం. పుస్తకం కొనిపించడానికి మీరు డబ్బు పంపొద్దు. మార్కులు అమ్మకానికి లేవు, డైరీకే. పోయినేడు ఎక్కువ మార్కులు వచ్చిన అబ్బాయి నాలుగు శనివారాల్లో ఒక్క పుస్తకమే అమ్మాడు. వద్దన్న 31 మంది ఎందుకు వద్దన్నారో, ఒక్కొక్కరి మాటను వాళ్ల భాషలోనే రాసుకొచ్చాడు.