ఆడపిల్ల వాటా వెనుక తొమ్మిది వందల ఏళ్ల వ్యాఖ్యానం

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వస్తుందనీ, వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న దానితో ఆ హక్కుకు నిమిత్తం లేదనీ 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అంతకుముందు 2015లోనూ 2018లోనూ వచ్చిన తీర్పులు ఒకదానితో ఒకటి పొసగక భాగపరిష్కార దావాలు నలుగుతూ వచ్చాయి. ఆ చిక్కు విప్పడానికి ధర్మాసనం ఆధారంగా తీసుకున్నది అప్రతిబంధ దాయం అనే భావన. అంటే ఒకరి చావు కోసం ఎదురుచూడకుండా, అడ్డేమీ లేకుండా, పుట్టుకతోనే సంక్రమించే ఆస్తి. ఈ భావన పార్లమెంటులో పుట్టలేదు. మనం రోజూ వాడే ‘దాయాది’ అన్న మాటలో ఉన్నది కూడా ఆ దాయమే.

హైదరాబాదు నుంచి ముంబై వెళ్లే రహదారిలో జహీరాబాదు దాటి కర్ణాటకలోకి ప్రవేశించాక, బీదరు జిల్లాలో బసవకల్యాణం వస్తుంది. 1076 నుంచి 1126 వరకు పాలించిన చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, ఆ కల్యాణ నగరంలో ఉండిన విజ్ఞానేశ్వరుడు ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పేరుకు అది వ్యాఖ్యానమే అయినా, బెంగాలు ప్రాంతాన్ని మినహాయిస్తే దేశంలో ఎక్కువ భాగానికి హిందువుల ఆస్తి ధర్మానికి అదే మూలగ్రంథమైంది. బెంగాలులో జీమూతవాహనుడి దాయభాగం అనే గ్రంథం నిలిచింది. దాని ప్రకారం తండ్రి పోయేదాకా కొడుకుకు స్వామ్యం, అంటే యాజమాన్య హక్కు, లేదు.

విజ్ఞానేశ్వరుడు వేసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. పంచుకోవడం వల్ల స్వత్వం, అంటే సొంతదారు హక్కు, పుడుతుందా, లేక అప్పటికే ఉన్న స్వత్వాన్ని పంచుకుంటున్నామా? దీనికి జవాబు చెప్పేముందు ఆయన మరో ప్రశ్న తేల్చాడు. అసలు ‘ఇది నాది’ అనే స్వత్వం శాస్త్రం వల్ల వచ్చిందా, లోకం నుంచి వచ్చిందా? శాస్త్రం ఎరుగని సరిహద్దు ప్రాంతాల వారు కూడా కొంటున్నారు, అమ్ముతున్నారు కాబట్టి స్వత్వం లౌకికమేనని ఆయన వాదన. ధర్మశాస్త్ర పండితుడై ఉండి, ఆస్తికి పునాది శాస్త్రంలో కాక జనవ్యవహారంలో ఉందని రాయడం సామాన్యమైన విషయం కాదు. కొడుకులకు పుట్టుకతోనే స్వత్వం ఉన్నదన్న సంగతి కూడా లోకంలో ప్రసిద్ధమేనని చూపి, తాత సంపాదించిన భూమిలో తండ్రికీ కొడుకుకూ సమాన స్వామ్యమన్న స్మృతి వచనాన్ని దానికి జోడించాడు.

స్త్రీల విషయంలో ఆయన మాట తరువాతి వారు చెప్పుకున్నంత ఇరుకుగా లేదు. తండ్రి తరువాత అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెళ్లికాని అక్కచెల్లెళ్లకు నాలుగో పాలు ఇవ్వాలని స్మృతి చెప్పింది. ఆ నాలుగో పాలంటే పెళ్లి ఖర్చుకు సరిపడా ధనమేనని వాదించినవారు ఆనాడే ఉన్నారు. విజ్ఞానేశ్వరుడు వారితో ఏకీభవించలేదు. అది నిజంగా వాటాయేననీ, తండ్రి తరువాత కూతుళ్లు కూడా భాగహక్కుదారులేననీ ఆయన నిర్ణయించాడు. స్త్రీకి సొంతమైన ఆస్తి అయిన స్త్రీధనం నిర్వచనంలో ‘మొదలైనవి’ అనే అర్థంలో ఉన్న ఒక్క పదాన్ని పట్టుకుని, వారసత్వంగా, కొనుగోలుగా, పంపకంలో, మరే విధంగా స్త్రీకి వచ్చినదైనా స్త్రీధనమేనని విస్తరించాడు.

ఈ ధర్మం తెలుగులోకి త్వరగానే వచ్చింది. పదమూడో శతాబ్దంలో, తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన, మితాక్షరను విజ్ఞానేశ్వరీయమనే పేరుతో పద్యాల్లో సంగ్రహించాడు. అప్పుపత్రం, సాక్షి, పంపకం వంటి వ్యవహారాలు సంస్కృతం రానివారికి కూడా అందేలా తెలుగు పద్యాల్లోకి దిగాయి. మన భాషలో న్యాయశాస్త్ర రచనకు అదే ఆది అని చెప్పుకోవాలి.

తరువాతి మలుపు కలకత్తాలో జరిగింది. హిందువుల వారసత్వ తగాదాలను వారి శాస్త్రాల ప్రకారమే తీర్చాలని 1772లో బెంగాలు గవర్నరు వారన్ హేస్టింగ్స్ పథకం నిర్దేశించింది. 1810లో ఇంగ్లీషు సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయవిభాగాన్నీ జీమూతవాహనుడి గ్రంథాన్నీ ఇంగ్లీషులోకి అనువదించాడు. 1864లో జడ్జీలకు శాస్త్రం చెప్పే కోర్టు పండితుల పదవులు రద్దయ్యాక జడ్జీల చేతిలో ప్రధానంగా మిగిలినవి ఇటువంటి అనువాదాలూ వెనకటి తీర్పులూ. స్పష్టంగా రుజువైన ఆచారం గ్రంథ వచనం కంటే బలమైనదని 1868లో రామనాథపురం జమీ కేసులో, అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అన్న మాట నిజమే. కానీ ఆచారాన్ని రుజువు చేసే భారం దాన్ని చెప్పుకున్నవారి మీదే పడింది. ఆస్తి లౌకికమన్న వ్యాఖ్యాత గ్రంథమే చివరికి కదలని శాసనంగా గడ్డకట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైన ఘట్టం ఇదే, ఎందుకంటే గ్రంథం గట్టిపడిన చోట కూడా స్త్రీలకు అనుకూలమైన భాగాలు నిలవలేదు. భర్త నుంచి భార్యకు వారసత్వంగా వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదని ప్రీవీ కౌన్సిల్ 1867లోనే చెప్పింది. పంపకంలో స్త్రీలకు వాటా ఇచ్చే పద్ధతి దక్షిణాదిన వాడుక తప్పింది. ఆడపిల్ల నాలుగో పాలు పెళ్లి ఖర్చుగా కుదించుకుపోయింది.

అంబేడ్కర్ న్యాయమంత్రిగా హిందూ కోడ్ బిల్లుతో పుట్టుక హక్కునే తొలగించాలని చూశారు. బిల్లు ముందుకు సాగక 1951లో రాజీనామా చేశారు. 1956 నాటి వారసత్వ చట్టం స్త్రీ ఆస్తి మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చింది గానీ, మగవారికి మాత్రమే పుట్టుక హక్కు ఉండే మితాక్షర ఉమ్మడి కుటుంబాన్ని అలాగే వదిలేసింది. కేరళ 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వేరే దారి పట్టి, పుట్టుక హక్కును కూతుళ్లకు కూడా చాచింది. 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయినవారికి వర్తించలేదు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే బాట పట్టాయి. 2005 కేంద్ర సవరణ పెళ్లి షరతును కూడా తీసివేసింది. కొత్త 6వ సెక్షన్ ఈనాటికీ ‘మితాక్షర న్యాయానికి లోబడిన ఉమ్మడి హిందూ కుటుంబం’ గురించే మాట్లాడుతుంది.

ఆంధ్రప్రదేశ్ సవరణ పీఠికలో కూతురిని ఉమ్మడి ఆస్తికి దూరం చేయడం వరకట్న దురాచారానికి దోహదం చేసిందని రాసి ఉంది. ఇప్పటికీ పంపకాల వేళ మన ఇళ్లలో వినిపించే మాట ‘పెళ్లికి పెట్టాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంకా వాటా ఏమిటి’ అనే. నాలుగో పాలు పెళ్లి ఖర్చేనన్న ఆ వాదాన్ని విజ్ఞానేశ్వరుడు కల్యాణంలో కూర్చుని అప్పుడే ఖండించి ఉన్నాడు.