ఐరిష్ ఫిడేలు: రోల్ చుట్టూ అపోహలు, కొన్ని వాస్తవాలు

"అక్కా, రోల్ పడట్లేదు. ఎనిమిది నెలలయింది. నా వేళ్లకి ఇది రాదేమో."

రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఇది. పంపిన అమ్మాయి నర్సు. నైట్ డ్యూటీకి వెళ్లే ముందు అరగంట సాధన చేసుకుంటుంది. ఈ మధ్య ఎడమ ముంజేయి లాగుతోందట కూడా. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలో ఎన్నిస్ ఊళ్లో నేను ఫిడేలు నేర్పుతూ చాలా ఏళ్లయింది. రోల్ అంటే ఇక్కడి ట్యూన్లలో ఒకే స్వరాన్ని వేళ్లతో చకచకా తెంపుతూ పలికించే పద్ధతి. ఇలాంటి మెసేజ్ నెలకొకటైనా వస్తుంది. మనవాళ్లూ పంపుతారు, ఇక్కడివాళ్లూ పంపుతారు. నేను అందరినీ ఒకటే అడుగుతాను: వీడియో తీసి పంపండి, చెయ్యి కనపడాలి.

వీడియోలో కనిపించేదీ ఎప్పుడూ ఒకటే. ట్యూన్ హాయిగా నడుస్తూ వచ్చి, రోల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు ఆగుతుంది. వేళ్లు బిగుసుకుంటాయి, అయిదు స్వరాలు గబగబా దొర్లుతాయి, అప్పటికి ట్యూన్ అర తాళం వెనకపడి ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ పరుగు.

అపోహ: రోల్ అంటే అయిదు స్వరాలు. వాటిని ఉన్న చోటులో వేగంగా ఇరికించాలి. వేళ్లకు వేగం వస్తే రోల్ దానంతటదే వస్తుంది.

ఇంతమంది చేతులు పాడుచేసిన మాట ఇంకొకటి లేదు. పుస్తకాల్లో రోల్‌ను అయిదు స్వరాల గుత్తిగా రాసి చూపిస్తారు: అసలు స్వరం, పైది, అసలుది, కిందిది, మళ్లీ అసలుది. కాగితం మీద అది తప్పేమీ కాదు. కానీ కంటికి అయిదు చుక్కలూ సమానంగా కనిపిస్తాయి కాబట్టి చెయ్యి కూడా అయిదింటికీ సమానంగా చోటిస్తుంది. కొంప మునిగేది అక్కడే.

వాస్తవం: లాంగ్ రోల్‌లో ఉన్నవి మూడే. ఒకే స్వరం మూడుసార్లు. ఆ మూడింటినీ విడదీసేవి కట్, ట్యాప్. జిగ్ అనే డాన్సు ట్యూన్‌లో ఒక గుంపుకు మూడు ఎనిమిదో వంతు స్వరాలుంటాయి, లాంగ్ రోల్ ఆ గుంపంత చోటే తీసుకుంటుంది. మొదటి స్వరం మామూలుగా పలుకుతుంది, రెండోదాని నెత్తిన కట్ పడుతుంది, మూడోదాని నెత్తిన ట్యాప్. షార్ట్ రోల్ అయితే ఆ మొదటిది ఉండదు, మిగిలిన రెండే.

కట్‌కు స్వరమంటూ ఉండదు. అదొక చిటికె. వేలు తీగను తాకి లేచిపోవాలి, పలక దాకా నొక్కకూడదు. మీ రికార్డింగ్ విన్నవాళ్లు "ఆ కట్ ఏ స్వరం మీద వేశావు?" అన్నదానికి జవాబు చెప్పగలిగారంటే మీ కట్ పొడుగైపోయిందన్నమాట. ట్యాప్ అంటే ఫ్లూట్ వాళ్లకు రంధ్రం మీద వేలితో కొట్టడం. మనకు అసలు స్వరం వేలినే ఎత్తి మళ్లీ వేయడం. డి తీగ మీద చూపుడు వేలితో ఇ (E) స్వరం పలికిస్తున్నారనుకోండి: ఉంగరపు వేలు చిటికె వేస్తే కట్, చూపుడు వేలు ఒక్క క్షణం లేచి పడితే ట్యాప్. రోల్ మొదట నేర్చుకోవాల్సిన స్వరాలు ఆ ఇ, ఇంకా ఏ (A) తీగ మీది బి (B). అక్కడ చేతికి సుఖం.

ఈ అలవాటు ఎక్కడిదో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఇది పైపుల నుంచి, అంటే గాలి సంచి ఉండే బ్యాగ్‌పైపుల నుంచి వచ్చిందంటారు. వాటిలో గాలి సంచిలోంచి వస్తూనే ఉంటుంది, ఫ్లూట్‌లోలా నాలుకతోనో ఊపిరితోనో స్వరాన్ని తెంపే వీలుండదు. ఐర్లండ్ రకం బ్యాగ్‌పైపులైన ఇలన్ పైపుల్లో గొట్టాన్ని మోకాలికి ఆనించి మూసే ఉపాయం ఉంది నిజమే, అయినా ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికించాలంటే మధ్యలో వేలితో తెంపడమే తేలికైన దారి. కట్ అనే పేరే చెబుతోంది కదా. దీన్ని అలంకారం అనడం వల్ల మనవాళ్లు కూర దించాక వేసే పోపు అనుకుంటున్నారు. నా లెక్కన ఇది తెలుగులో ఒత్తు లాంటిది. "అక" వేరు, "అక్క" వేరు. ఒత్తును ఎవరూ అందం కోసం తగిలించరు.

ఇది నాకు పుట్టుకతో తెలిసిన విద్యేమీ కాదు. విజయనగరంలో పదకొండేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని వచ్చినదాన్ని. మన ఇళ్లల్లో దాన్ని ఫిడేలు అనే అంటారు, ఇక్కడా అదే మాట, ఇంకేం కొత్త ఉంటుందిలే అనుకున్నాను. క్లేర్‌లో నాకు దొరికిన గురువు ఓ పెద్దాయన, రిటైరైన రైతు. వంటింట్లోనే పాఠం. మొదటి రోజు నా రోల్ విని, ఎన్ని స్వరాలు వాయించావు అన్నాడు. అయిదు అన్నాను గర్వంగా. "నాకూ అయిదు వినిపించాయమ్మాయ్" అని నా చేతిలోంచి ఫిడేలు తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. ఓ చెంచా ఇచ్చి బల్ల మీద జిగ్ కొట్టమన్నాడు. నాకు ఉక్రోషంగా ఉంది. కొడుతుంటే నోట్లోంచి అలవాటుగా "తకిట తకిట" వచ్చేసింది. ఆయన చెయ్యెత్తి ఆపి, ఏమిటా మాట అన్నాడు. చెప్పాను. కాసేపు తనలో తనే అనుకుని చూసుకున్నాడు. అప్పటినుంచి పోయేదాకా ఆయన లాంగ్ రోల్‌ను "టాకిటా" అనే పిలిచాడు. ఆ ఊళ్లో ఇంకో ఇద్దరు ముసలివాళ్లకు కూడా అంటించాడు.

కాబట్టి నా దగ్గరికొచ్చే మనవాళ్లకు దారి ఇదే. జిగ్ అంటే బార్‌కు, అంటే ఒక తాళం చుట్టుకు, రెండు తకిటలు. రీల్ అనే ఇంకో రకం డాన్సు ట్యూన్ అంటే రెండు తకధిమిలు. రోల్‌లో త, కి, ట అనే మూడూ ఒకే స్వరం. "కి" మీద కట్, "ట" మీద ట్యాప్.

సాధన ఇలా: మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టండి, దెబ్బకో తకిట. మొదట ఇ స్వరాన్ని మూడు విడివిడి బోలతో (కమాను లాగుళ్లతో) వాయించండి. అది నిలకడగా వచ్చాక ఒకే బో లాగుతూ "కి" దగ్గర కట్ మాత్రం వేయండి. ట్యాప్ జోలికి వారం దాకా పోకండి. రోజుకు అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత ట్యాప్ కలపండి. తాళం కాస్త అటూఇటూ అయినా వెనక్కి వెళ్లి కట్ ఒక్కదానితో మళ్లీ మొదలుపెట్టండి. ముంజేయి నొప్పి పెడుతోందంటే మీరు నొక్కుతున్నారన్నమాట. ఇందులో బలంతో అయ్యే పని ఒక్కటీ లేదు. నొప్పి తగ్గకపోతే ఆపి డాక్టరుకు చూపించండి, పట్టుదలకు పోవద్దు.

అపోహ: గమకాలు వచ్చిన చేతికి ఇవి ఇట్టే వచ్చేస్తాయి.

కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, దాని అలవాటు ఇక్కడ అడ్డమొస్తుంది. గమకంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయే ప్రయాణమే వినిపించాలి, కట్‌లో ప్రయాణం వినపడితే కట్ చెడినట్టే. పైగా మనం కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి వాయిస్తాం కాబట్టి ఎడమ చెయ్యి తీగ మీద జారడానికి అలవాటు పడి ఉంటుంది. ఇక్కడ చెయ్యి జరగదు, వేళ్లు దూకుతాయి. నాకు ఆ జారుడు వదలడానికి రెండేళ్లు పట్టింది.

కానీ మన దగ్గరా దీనికో చుట్టం ఉంది. జంట వరసలు గుర్తు తెచ్చుకోండి. "స స రి రి గ గ" అంటున్నప్పుడు రెండో రి మీద ఊనిక పడుతుంది, ఆ ఊనిక కింది స్వరాన్ని లిప్తపాటు తాకి రావడం వల్ల వస్తుంది. దాన్నే స్ఫురితం అంటాం. ఇక్కడి ట్యాప్ అచ్చంగా ఆ పనే చేస్తుంది. జంటలు గట్టిగా సాధన చేసినవాళ్లు నా దగ్గర నెలలో రోల్ పట్టేశారు. రాగాలాపన బాగా చేసేవాళ్లే ఎక్కువ అవస్థ పడ్డారు.

అపోహ: పుస్తకంలో రోల్ గుర్తు ఉన్నచోటల్లా రోల్ వేయాల్సిందే.

మొదట్లోనే నేర్పే కెష్ జిగ్ తీసుకోండి. మొదటి బార్ జి (G) మీద, రెండో బార్ ఏ (A) మీద మొదలవుతాయి. కొందరు రెండుచోట్లా రోల్ గుర్తు పెట్టి రాస్తారు. జి అంటే డి తీగ మీద ఉంగరపు వేలు, కట్‌కు మిగిలేది చిటికెన వేలు. అన్నిట్లోకీ బలహీనమైన వేలు అది. ఏ అయితే ఖాళీ తీగ, ట్యాప్ వేయడానికి ఎత్తాల్సిన వేలే లేదు! పాపం, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండు బార్ల దగ్గరే చతికిలపడి తమ వేళ్లను తిట్టుకుంటారు. తప్పు వేళ్లది కాదు. జి దగ్గర జి-ఏ-జి అని, ఏ దగ్గర ఏ-బి-ఏ అని మామూలుగా వాయించండి. పెద్ద పెద్దవాళ్లూ వాయిస్తారు. లేదా ట్రెబుల్ వేయండి: అదే స్వరం మీద బోతో మూడు చిన్న గీతలు, మొదటి రెండూ పొట్టివి, మణికట్టు వదులుగా ఉంచి, వేలెడు బో కన్నా ఎక్కువ వాడకుండా. కాస్త గరగరమంటుంది. అననివ్వండి, అదే దాని రుచి.

చికాగో పోలీసు అధిపతిగా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 ట్యూన్లతో పెద్ద పుస్తకం వేశాడు. అందులో చాలావాటికి కనిపించేది ఎముకల గూడు మాత్రమే. కండ ఎక్కడ పట్టించాలో వాయించేవాళ్లకు తెలుసు.

అపోహ: ఎన్ని రోల్స్ వేస్తే అంత ఐరిష్.

దీనికి మూలం ఉంది. స్లైగో కౌంటీ నుంచి న్యూయార్క్ వెళ్లిన మైకేల్ కోల్‌మన్ (1891–1945), జేమ్స్ మోరిసన్ (1893–1947) 1920లు, 30ల్లో గ్రామఫోను రికార్డులిచ్చారు. అవి సముద్రం దాటి తిరిగొచ్చి ఐర్లండ్ అంతా మోగాయి, ఊరూరా ఫిడేలు వాళ్లు వాటిని చూసి తమ చెయ్యి మార్చుకున్నారు. (మోరిసన్, మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఒకే ఏడాది పుట్టారు. ఇద్దరూ ఒకరి ఫిడేలు ఒకరు వింటే ఏమనుకునేవారో అని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది.) కోల్‌మన్ రోల్స్ దండిగా వేస్తాడు, విననివాళ్లు వినండి. కానీ ఐర్లండ్ అంటే స్లైగో ఒక్కటే కాదు కదా. డొనిగాల్‌లో జాన్ డోహర్టీ తరం వాళ్లు బో ట్రెబుల్స్ మీదే ఎక్కువ నడిపించారు, రోల్స్ తక్కువ. కార్క్, కెర్రీ సరిహద్దులో స్లీవ్ లూక్రా వైపు పోల్కాలు, స్లైడ్‌లు అనే డాన్సు ట్యూన్లు ఎక్కువ, ప్రాణమంతా బో ఊపులోనే ఉంటుంది. మా తూర్పు క్లేర్ వాళ్లు నిదానంగా, స్వరాన్ని నిమురుతూ వాయిస్తారు. వీళ్లలో ఎవరు తక్కువ ఐరిష్?

ఒకసారి ఎన్నిస్‌లో ఓ సెషన్‌కు, అంటే అందరూ కూర్చుని కలిసి వాయించే చోటికి, మంచి చేయి ఉన్న కుర్రాడొకడు వచ్చాడు. ప్రతి బార్‌లో రోల్. ఎవరూ ఏమీ అనలేదు, ఇక్కడ అనరు. మూడో ట్యూన్‌కు ఒక్కొక్కరే ఫిడేలు ఒళ్లో పెట్టుకుని గ్లాసు అందుకున్నారు. అతనికది మెచ్చుకోలులా కనిపించింది. నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి, ఎందుకంటే ఆరేళ్ల క్రితం అదే కుర్చీలో నేనున్నాను.

మిగిలిన అపోహలు గబగబా. వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) ఉంటేనే ఫిడేలు పలుకుతుందని: డాన్సు ట్యూన్లలో దాని పని దాదాపు లేదు, కట్‌ను మింగేస్తుంది కూడా. ఖరీదైన ఫిడేలుంటేనే కట్ తెగుతుందని: తీగలు మరీ ఎత్తుగా ఉంటే కష్టమే, తీగల కింది బ్రిడ్జి సరిచేయించుకోండి, ఫిడేలు మార్చక్కర్లేదు. రికార్డింగ్ వేగం తగ్గించి వినడం మోసమని ఒకాయన నాతో వాదించాడు. సగం వేగంలో వింటేనే కట్ ఎక్కడ పడుతోందో చెవికి తెలుస్తుంది. వినండి. నలభై దాటాక రాదని: నా గురువు దగ్గర నాతోపాటు మొదలెట్టినావిడకు అరవై మూడు. నాకన్నా ముందు ఆవిడకే ట్యాప్ కుదిరింది, ఎందుకంటే ఆవిడకు తొందర లేదు.

ఆ నర్సమ్మాయికి ఇదంతా రాయలేదు. మూడు వారాలు రోల్ మానెయ్యి, కట్ ఒక్కటే, నొక్కకు, తకిట అనుకుంటూ వాయించు అన్నాను. మొన్న ఆదివారం ఇరవై సెకన్ల రికార్డింగ్ పంపింది, కింద ఓ లైను: "ఇందులో కూడా రోల్ రాలేదక్కా. పొరపాటున ట్యాప్ కూడా పడిపోయింది, సారీ. మళ్లీ తీసి పంపుతా."

"పంపకు," అని రాశాను. "పదకొండో సెకను దగ్గర పెట్టి ఒకసారి విను."