కొత్త చేపల్ని తెచ్చే ముందు

చిన్నూకి, బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఆదివారం కొళత్తూరు వెళ్ళి మీ అక్వేరియంలోకి ఇంకొన్ని చేపలు తెచ్చుకుంటారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. మద్రాసులో రంగు చేపలంటే కొళత్తూరే, చూడవలసిన చోటు. కాకపోతే నాకు ఒక్క మాట ఇవ్వాలి. తెచ్చిన చేపల్ని ఆ రోజే పాతవాటిలో కలపకూడదు. మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాలి. అన్ని రోజులా అని మొహం ముడుచుకోకండి, ఎందుకో చెబుతాను.

ముందు ఏ చేపలు తేవాలో చూద్దాం. మీ అపార్ట్‌మెంటుకు వచ్చేవి బోరు నీళ్ళు. కుళాయిల చుట్టూ తెల్లగా గారకడుతోంది కదా, అంటే బాగా కఠినమైన నీళ్ళు. గప్పీలకీ మోలీలకీ అలాంటి నీళ్ళు బాగానే పడతాయి. బుజ్జి అడుగుతున్న నియాన్ టెట్రా అమెజాన్ అడవుల్లోని మెత్తటి నీళ్ళ చేప, దానికి మన బోరు నీళ్ళు సరిపడవు. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళు కోరుకుంటుంది, పైగా పెద్దగా పెరుగుతుంది, గప్పీలతో పొసగదు. మగ ఫైటర్ చేపలు రెండింటిని ఒకచోట ఉంచితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. అందుకని ఈసారికి గప్పీలే తెచ్చుకోండి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేలా చూడండి, లేకపోతే మగవి ఆడవాటిని ఊపిరాడనివ్వకుండా తరుముతాయి.

దుకాణంలో కాసేపు నిలబడి చూడండి. రెక్కలు ఒంటికి అతికించుకుని మూల నక్కినవి, నీటి పైకి వచ్చి రొప్పుతున్నవి, రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటున్నవి వద్దు. అదే తొట్టిలో ఒక్క చచ్చిన చేప కనిపించినా, మిగతావి ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడ కొనకండి.

ఇక దుకాణంవాళ్ళు చేపల్ని నీళ్ళతో కట్టి ఇచ్చే సంచి సంగతి. చేప ఊపిరి తీస్తున్నంతసేపూ ఆ నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మొప్పల్లోంచి అమ్మోనియా కూడా వస్తూ ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటికి కొంచెం ఆమ్లగుణం వస్తుంది. ఆమ్లగుణం ఉన్నంతవరకు అమ్మోనియా చాలావరకు హాని చేయని రూపంలోనే ఉంటుంది. సంచి మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, ఆమ్లగుణం తగ్గుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే ముడి విప్పాక గంటల తరబడి ఆలస్యం చేయకూడదు. కొళత్తూరు నుంచి వేళచ్చేరిలోని మీ ఇంటికి గంటన్నర ప్రయాణమంటే భయం లేదు. అదే వేరే ఊరి నుంచి పార్సిల్లో రోజంతా ప్రయాణం చేసి వచ్చిన చేపలైతే, సంచి విప్పిన వెంటనే వలతో తీసి మంచి నీళ్ళలోకి మార్చేయాలి. దారిలో సంచిని తువ్వాలుతో కప్పండి, చీకట్లో చేపలు కుదురుగా ఉంటాయి. ఎండలో స్కూటరు కొక్కేనికి మాత్రం తగిలించకండి.

ఇంటికి రాగానే ముడి విప్పకుండా సంచిని టబ్బు నీళ్ళలో ఒక ఇరవై నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తరువాత విప్పి, అయిదేసి నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున అరగంటసేపు టబ్బు నీళ్ళు కలుపుతూ రండి. ఆ పైన వలతో చేపల్ని మాత్రమే టబ్బులోకి వదలాలి. సంచిలోని నీళ్ళు మొక్కలకు పోయండి, అక్వేరియంలో చుక్క కూడా పడకూడదు.

టబ్బుకు ఇరవై లీటర్లది చాలు, పైన మూత ఉండాలి, గప్పీలు ఎగిరి బయట పడతాయి. బోరు నీళ్ళు కాక మెట్రో వాటర్, అంటే నగరం సరఫరా చేసే నీళ్ళు, వాడితే అందులోని క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేయడం మరవకండి. ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్‌ను ఈ రోజే కొని మీ అక్వేరియంలో పెట్టేయండి, నాలుగు వారాలైనా అక్కడ ఉండాలి, ఆ తరువాత దాన్ని టబ్బులోకి మార్చాలి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో కాపురం పెడుతుంది. అది లేకపోతే కొత్త నీళ్ళు ఎంత తేటగా కనిపించినా, చేపలు వదిలే అమ్మోనియా పేరుకుని విషమవుతాయి. అంటే కొళత్తూరు ప్రయాణం వచ్చే నెలకు జరపాలన్నమాట. జరపండి, నా మాట వినండి.

మూడు వారాలు ఎందుకంటే, తెల్లమచ్చ రోగం. ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్కొక్క చుక్కా చర్మం కింద దూరిన ఒక పరాన్నజీవి. అది తిని బలిసి, చేపను వదిలి అడుక్కు చేరి, వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది అవి నీళ్ళలో ఈదే ఆ కొద్ది సమయంలోనే. చర్మం కింద ఉన్నదాన్ని మందు తాకలేదు. కాబట్టి చుక్కలు మాయమయ్యాయని మందు మధ్యలో ఆపితే రోగం మళ్ళీ వస్తుంది. కొన్నప్పుడు శుభ్రంగా కనిపించిన చేప మొప్పల్లో ఒకటి రెండు దాగి ఉండవచ్చు. మన వేడికి దాని జీవితచక్రం వారంలోపే తిరుగుతుంది, మూడు వారాల్లో ఉన్నదంతా బయటపడుతుంది. టబ్బుకు వలా మగ్గూ వేరుగా ఉంచండి. మందు ఏదైనా మీ అమ్మ చూడందే వేయవద్దు.

కలిపే రోజున లైటు ఆర్పి, అక్వేరియంలో రాళ్ళు కాస్త అటూ ఇటూ మార్చండి, నా చోటని పాతవి కొత్తవాటిని తరమకుండా ఉంటాయి. ముందు పాతవాటికి మేత వేసి, తరువాత కొత్తవాటిని వదలండి. ఒకేసారి రెండు మూడుకు మించవద్దు. వాటి మలినానికి తగ్గట్టు బ్యాక్టీరియా పెరగడానికి వ్యవధి కావాలి.

గప్పీలు పిల్లలు పెట్టి ఎక్కువైతే ఎవరికైనా ఇవ్వండి, చెరువులో వదలకండి. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాలకు వచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో పెరిగిపోయింది. ఆంధ్రాలో జాలరులు దాన్ని దెయ్యం చేప అంటారు. దాని ముళ్ళకు వలలు చినిగిపోతాయి, ఎవరూ కొనరు.

స్పాంజ్ ఫిల్టర్ పెట్టగానే ఫోటో పంపండి, గాలి బుడగలు సరిగా వస్తున్నాయో లేదో చూసి చెబుతాను.

మీ
పెదనాన్న
పెరంబూరు