వెదురు బోలులో కాపురం: 136 ఏళ్లు కనబడని కప్ప

తొలకరి పడగానే హైదరాబాద్ ఖాళీ స్థలాల్లోని గుంటల్లో కప్పల గోల మొదలవుతుంది. నీళ్లలో గుడ్లు, తర్వాత తోకకప్పలు, కాళ్లు రాగానే గట్టు ఎక్కడం. కప్ప అంటే మనకు తెలిసిన వరస ఇదే. పడమటి కనుమల దక్షిణ కొసన ఉండే రావోర్కెస్టెస్ చలాజోడెస్ అనే పొదకప్పకు ఈ వరస పట్టదు. దాని పిల్లలు పుట్టడానికి చెరువు అక్కర్లేదు, వెదురు కావాలి. అడవిలో వెదురు కొట్టే పద్ధతి మీద కప్పల శాస్త్రవేత్తలకు ఇంత పట్టింపు ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

ఈ కప్పను లోకానికి పరిచయం చేసింది బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆల్బర్ట్ గుంతర్. తిరువాన్కూర్ నుంచి వచ్చిన నమూనాలను చూసి 1876లో దీన్ని ఇక్సాలస్ ప్రజాతిలో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో) చేర్చాడు. తర్వాత ఫైలాటస్‌లోకి మార్చారు. 2010లో ఈ పొదకప్పలకు విడిగా రావోర్కెస్టెస్ ప్రజాతిని ఏర్పరిచారు. అందులోని ‘రావు’ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో కప్పలను అధ్యయనం చేసిన సి.ఆర్. నారాయణరావు. కాగితం మీద పేరు ఇన్నిసార్లు మారింది కానీ, ప్రాణంతో ఉన్న కప్ప మాత్రం ఎవరికీ కనబడలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు నాయకత్వంలో తప్పిపోయిన కప్పల కోసం సాగిన గాలింపులో చివరిసారి 1874లో కనబడిన ఇది 136 ఏళ్ల తర్వాత బయటపడిందని 2011లో ప్రకటించారు.

అన్నేళ్లు ఎందుకు దొరకలేదు? మా ఉద్దేశంలో దీనికి సగం కారణం వెతికే పద్ధతే. అడవిలో కప్పలను లెక్కించేవాళ్లు మామూలుగా నేల మీద గళ్లు కొలిచి రాలిన ఆకులు తిరగేస్తారు, లేదా రాత్రిపూట వాగుల వెంట దీపం పట్టుకుని నడుస్తారు. ఈ కప్ప ఇప్పుడు ఎక్కువగా కనిపించే తమిళనాడులోని కలక్కాడు ముండంతురై అడవిలోనే నేలమీది ఉభయచరాలపై కార్తికేయన్ వాసుదేవన్ తదితరుల అధ్యయనం 2001లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆయన తర్వాత హైదరాబాద్ అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జీవుల పరిరక్షణకు పనిచేసే పరిశోధనశాల లాకోన్స్‌లో శాస్త్రవేత్త అయ్యారు. నేల సంగతి తేల్చడానికి గళ్ల పద్ధతి చక్కగా పనికొస్తుంది. పగలంతా వెదురు లోపల దాగే జీవి మాత్రం దానికి చిక్కదు. పోనీ అరుపును బట్టి పట్టుకుందామంటే, గొట్టంలోంచి వచ్చే శబ్దం ఏ కొమ్మదో పోల్చుకోవడం కష్టం.

కప్ప పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. నిగనిగలాడే ఆకుపచ్చ ఒళ్లు, నీలిబూడిద తొడలు, నల్లటి కంటిపాప చుట్టూ బంగారు మచ్చలు. వేళ్ల కొసల్లో గుండ్రటి పట్టుబిళ్లలు ఉండటంతో నున్నటి వెదురు మీద కూడా జారదు. మగకప్ప అరిచేటప్పుడు గొంతు కింది సంచి ఉబ్బి పారదర్శకంగా కనబడుతుంది.

అసలు విశేషం గుడ్లు పెట్టే తీరులో ఉంది. కె.ఎస్. శేషాద్రి, కె.వి. గురురాజ, డేవిడ్ బిక్‌ఫోర్డ్ 2015లో దీన్ని వివరించారు. ఓక్లాండ్రా అనే పల్చటి గోడల వెదురులో కణుపుకీ కణుపుకీ మధ్య బోలు ఉంటుంది. కప్పకు దాన్ని తొలిచే శక్తి లేదు. పురుగులో ఎలుకలో చేసిన సన్నటి కంత దొరికితేనే లోపలికి దూరుతుంది. ఆ కంత కూడా బోలు కింది భాగంలో ఉండాలి; పైన ఉంటే వాననీరు లోపల నిలిచి గుడ్లు పాడవుతాయి. మగది లోపలినుంచి అరిచి ఆడదాన్ని పిలుస్తుంది. పెట్టేది అయిదు నుంచి ఎనిమిది గుడ్లు. తోకకప్ప దశ అంతా గుడ్డులోనే ముగిసి నేరుగా బుల్లి కప్ప బయటికి వస్తుంది. అంతదాకా కాపలా తండ్రిదే. ఎవరినుంచి కాపలా అన్న ప్రశ్నకు జవాబు 2018లో వచ్చింది. కాపలా మగకప్పను తీసేసి చూస్తే, గుడ్లను ఎక్కువగా తినేసింది అదే జాతికి చెందిన ఇతర మగకప్పలు!

ఇక వెదురు తగువు. కేరళలో ‘ఈట’ అని పిలిచే ఈ వెదురు దశాబ్దాలుగా బుట్టలకూ చాపలకూ పోయింది, అంతకన్నా పెద్ద మోతాదులో కాగితపు గుజ్జుకూ పోయింది. మన సిర్పూర్ కాగజ్‌నగర్ కాగితపు మిల్లు కూడా ఒకప్పుడు వెదురును నమ్ముకున్నదే. అయితే తెలంగాణ అడవుల్లో ఎక్కువగా ఉండే సాధారణ వెదురు లోపల దాదాపు గట్టిగా ఉంటుంది. ఈ కప్పకు అది ఇల్లు కాలేదు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. అడవి బయట పెరిగే వెదురును 2017 చివర్లో భారత అటవీ చట్టంలోని చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు. మేదర్లకూ రైతులకూ ఈ రెండూ మేలే చేశాయి. అయితే ఇవి వెదురు ఎవరిదన్న ప్రశ్నకు జవాబులే తప్ప, ఏ గొట్టాన్ని వదలాలో చెప్పవు. కంతపడ్డ వెదురు అల్లికకు అంతగా పనికిరాదు. పొదలో దాన్ని మాత్రం వదిలి మిగతాది కొడితే కప్పకూ మేదరికీ పెద్ద పేచీ ఉండదు. గుజ్జు కోసం కొట్టేవాళ్లకు కంత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పొదను మొదలంటా నరుకుతారు. వానాకాలంలో అలా నరికితే గొట్టంతో పాటు గుడ్లూ, వాటిని కాసే మగదీ బండి ఎక్కుతాయి. సర్వే చేసేవాళ్లూ వెదురును చీల్చి చూడకూడదు, చీలిన గొట్టం మళ్లీ గూడుగా పనికిరాదు. కంతలోంచి సన్నటి కెమెరా తీగను పంపి చూడాలి.