బాపు షిఫ్ట్‌కు పోతా అంటుండు

సాయంత్రం ఆరైందంటే మా బాపు తువ్వాల భుజాన ఏసుకొని గేటు కాడికొచ్చి నిలబడ్తడు, మిల్లుకు లేటైతుంది సైకిల్ ఏది అంటడు. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడి ఇరవై ఏండ్లు దాటింది. మొదట్ల నేను "మిల్లు ఎక్కడిది బాపూ, ఎన్నడో బందైంది" అని చెప్పేదాన్ని, ఆయనకేమో అది అప్పుడే తెలిసినట్టు కండ్లల్ల నీళ్లు తిరిగేటియి, తెల్లారి మళ్ల అదే కథ. అంటే రోజూ నేనే ఆయనకు చావు కబురు చెప్పినట్టు చెప్పుడన్నమాట.

మెదడుల లోపలికి హిప్పోక్యాంపస్ అని చిన్న భాగం ఉంటది, ఇయ్యాల జరిగినదాన్ని రేపటికి దాచిపెట్టే పని దానిది. బాపుకున్న మతిమరుపు రోగం అల్జీమర్స్‌ల ముందుగాల దెబ్బతినేవాటిల అదొకటి. మనం ఎంత నచ్చజెప్పినా ఆ మాట నిలిచే జాగనే లేదు, ఇగ వాదించి ఏం ఫాయిద? పాత జ్ఞాపకాలు ఏండ్ల తరబడి మెదడు పైపొరల పాతుకుపోయి ఉంటయి కాబట్టి చానా రోజులు నిలుస్తయి. కొత్తవి ముందు పోతయి పాతవి తర్వాత పోతయని ఫ్రాన్స్‌ల రిబో అనే సైకాలజిస్ట్ 1881లనే రాసిండు. చేతికొచ్చిన పని అయితే ఇంకో దారిల ఉంటది, దాన్ని చూసుకునే భాగాలే వేరు. మొన్న అవ్వ పూలు కడుతుంటే దారం తెగింది, బాపు అందుకొని రెండు పోగులు బొటనేలు కింద అదిమి చూడకుంటనే ముడేసి ఇచ్చిండు, అరగంట ముందు తిన్న ఉప్మా మాత్రం యాదికి లేదు.

సాయంత్రమే ఎందుకంటే, వెలుగును బట్టి పగలు రాత్రి లెక్క చూసే గడియారం ఒకటి మెదడుల ఉంటది, ఈ రోగంల అది కూడా గతి తప్పుతది, దానికితోడు పొద్దంతా అలిసిన మెదడు, మసక చీకటి. ఇప్పుడు ఐదింటికే లైట్లన్నీ ఏస్తున్నం, నేను కూడా ఎదురు చెప్పుడు మానేసి మిల్లుల సాంచల (మగ్గాల) ముచ్చట అడుగుత, చెప్పుకుంట చెప్పుకుంట గేటు సంగతి మర్చిపోతడు. అన్ని రోజులు కాదనుకోండి.

అసలు నేను చెప్పాలనుకున్నది పోయిన వానకాలం సంగతి. రెండే రెండు రోజులల్ల బాపు మొత్తం మారిపోయిండు, గోడ మీద చీమలు పాకుతున్నయని దులుపుడు, పగలంతా మగత, రాత్రంత ఒర్రుడు. చూడొచ్చినోళ్లు రోగం ముదిరింది ఇగ ఇంతే అన్నరు, నేను కూడా నమ్మిన. డాక్టర్ మాత్రం ఒక్కటే అడిగిండు, ఎన్ని రోజులసంది అని. అల్జీమర్స్ నెలలు, ఏండ్లు తీసుకుంట దిగుతది. గంటలల్ల, రోజులల్ల మనిషి మారిండంటే అది డెలీరియం, దానికి వేరే కారణం ఉంటది, మూత్రంల ఇన్ఫెక్షన్, నిమోనియా, కొత్త గోలీలు, ఆఖరికి మలబద్ధకమైనా సరే.

రక్తం తీసి చూస్తే సోడియం 118 ఉంది, ఉండాల్సింది 135 నుంచి 145. మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే బీపీ గోలీ కొత్తగా మొదలైంది, దానితోని తగ్గిందట. రక్తంల సోడియం తగ్గితే నీళ్లు మెదడు కణాలలోకి పోయి ఉబ్బిస్తయి, అందుకే ఆ చీమలు. అట్లని గబగబా ఉప్పు ఎక్కిస్తే మెదడుకు ఇంకా డేంజర్, మెల్లగ పెంచాలె, గోలీ కూడా మనంతట మనం ఆపొద్దు.

నాలుగో రోజు పొద్దుగూకినంక బెడ్ మీదికెల్లి కాళ్లు కిందికి దించి తువ్వాల ఎతుకుడు మొదలు పెట్టిండు. కరీంనగర్‌ల ఉండే చెల్లెకు వెంటనే ఫోన్ కొట్టిన, "ఏం గాదే, బాపు మళ్ల మిల్లుకు పోతా అంటుండు" అని.